పాపకు ఏం పెట్టకూడదో అందరూ చెప్తున్నారు, ఏం పెట్టాలో ఎవరైనా చెప్పండి

కోనసీమ అమ్మ:

నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పాపకు 8 నెలలు నిండి 5 రోజులు. నిన్న తూకం వేయిస్తే 6 కిలోల 400 గ్రాములు ఉంది. ఆరు నెలలప్పుడు 6 కిలోల 100. అంటే రెండు నెలల్లో పెరిగింది 300 గ్రాములే. ఆ అంకె చూసిన దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

మొదటి నుంచి చెప్తాను, కాస్త పెద్దదైనా చదవండి. మూడో నెల నుంచి పాపకు బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎర్రగా పొక్కి రసి కారేది. ఎగ్జిమా అన్నారు. మా అత్తయ్యగారు రోజూ శనగపిండి, పెసరపిండి కలిపి నలుగు పెట్టి, నువ్వుల నూనెతో ఒళ్ళు రుద్ది నీళ్ళు పోసేవారు. ఆవిడ ప్రేమతోనే చేశారు, మా ఆయన్నీ అలాగే పెంచారు.

ఆరు నిండి ఏడో నెల పడగానే అన్నప్రాశన చేశాం. ఆవుపాలతో పరమాన్నం వండాం. మా నాన్నగారు ఉంగరంతో నాలుకకు రాశారు, తర్వాత నేను వెండి చెంచాతో ఇంకో రెండుసార్లు పెట్టాను. పుస్తకం, బంగారం, పూలు ముందు పెట్టి పాప ఏది పట్టుకుంటుందా అని అందరం చూస్తున్నాం. పాప ఏదీ పట్టుకోలేదు, పిడికిలితో మూతి రుద్దుకోవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు కూడా కాలేదు, పై పెదవి ఉబ్బిపోయింది, మెడ నుంచి పొట్ట దాకా దద్దుర్లు, వెంటనే రెండు వాంతులు. కొత్త పట్టు లంగాతోనే బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఏవో ఇంజక్షన్లు ఇచ్చి సాయంత్రానికి పంపేశారు. అప్పటిదాకా నేను పాలు, పెరుగు రోజూ తింటూనే ఉన్నాను, నా పాలు తాగి పాపకు అలా ఎప్పుడూ కాలేదు.

రెండు వారాల తర్వాత ఒక ల్యాబ్‌లో 40 రకాల పదార్థాలకు ఒకేసారి అలర్జీ చూసే ప్యానెల్ రక్తపరీక్ష చేయించాం. రిపోర్టులో 11 పాజిటివ్. పాలు, గోధుమ, వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు, శనగపప్పు, కందిపప్పు, పెసరపప్పు, సోయా, టమాటా, కొబ్బరి. ఇవన్నీ మానేయండి అన్నారు, అంతే. రిపోర్టు రాకముందు ఆ రెండు వారాలూ పాప పెసరకట్టు అన్నం చక్కగా తిన్నది. ఇప్పుడు అదీ ఆపేశాం.

ఇప్పుడు పాపకు పెట్టేది బియ్యం గంజి, ఉడికించిన ఆపిల్, నా పాలు. నేను కూడా ఆ 11 మానేశాను. మేము శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. అన్నం, బంగాళాదుంప, ఆనపకాయ, ఇంతే తింటున్నాను. 6 కిలోలు తగ్గాను, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. అది పర్వాలేదు, పాప పెరిగితే చాలు.

ఇన్ని పడని బిడ్డను పెంచినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, మీరు పొద్దున లేచి పొయ్యి మీద ఏం పెట్టారో చెప్పండి.


పెద్దమ్మ, గుంటూరు జిల్లా:

కంగారు పడకమ్మా. ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టి చూడు, తేలిగ్గా అరుగుతాయి. మా రోజుల్లో గాడిద పాలు కూడా ఓ ఉగ్గిన్నెడు పట్టేవాళ్ళం, దగ్గు, ఆయాసం దగ్గరికి రావని. నెయ్యి మాత్రం మానకు. నెయ్యి పాలు కాదుగా, బిడ్డకు బలం.


ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాద్:

పెద్దమ్మగారూ, మీరు బిడ్డ మీద ప్రేమతోనే చెప్పారు. కానీ కోనసీమ చెల్లీ, దయచేసి మేకపాలు పట్టొద్దు. మా బాబుకు నేను అదే పని చేశాను. ఆవుపాల ప్రోటీన్, మేకపాల ప్రోటీన్, గేదెపాల ప్రోటీన్ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆవుపాలు పడని పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మేకపాలు కూడా పడవు. పెరుగు, మజ్జిగ కూడా అంతే, తోడు పెట్టినంత మాత్రాన ఆ ప్రోటీన్ పోదు. నెయ్యిలో కూడా కాస్త మిగిలిపోతుంది. గాడిద పాలు పచ్చివే తాగిస్తారు, అందులో కొవ్వు చాలా తక్కువ, బరువు పెరగని బిడ్డకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మా వాడికి ఇప్పుడు నాలుగేళ్ళు. పాలు, గుడ్డు, వేరుశనగ పడేవి కావు. మీలాగే నేనూ గంజితో మొదలుపెట్టాను. మా పిల్లల డాక్టరమ్మ నేను తీసుకెళ్ళిన గిన్నెలో చెంచా ముంచి, పైకి తీసి బోర్లించి చూపించారు. గంజి మొత్తం జారిపోయింది. "ఇది నీళ్ళమ్మా, దీనితో పొట్ట నిండుతుంది, బిడ్డ పెరగదు. చెంచా బోర్లిస్తే ముద్ద దానికే అంటుకుని ఉండాలి" అన్నారు. ఆ రోజు నుంచి నేను వండిన ప్రతిదీ అలా బోర్లించి చూసేదాన్ని.

నేను చేసింది చెప్తాను. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు విడివిడిగా కడిగి, నీడన ఆరబెట్టి, సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, రవ్వలా పట్టించాలి. మిల్లులో కాదు, ఇంట్లో మిక్సీలోనే. మిల్లులో మన కన్నా ముందు ఎవరో గోధుమలో శనగలో పట్టించి ఉంటారు. రెండు పెద్ద చెంచాల రవ్వ గట్టిగా ఉడికించి, దించాక ఒక చిన్న చెంచా నూనె. నేను సన్‌ఫ్లవర్ నూనె వేసేదాన్ని. ఆ ఒక్క చెంచాలోనే 40 క్యాలరీలు ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు కాక బిడ్డకు కావలసింది రోజుకు 200 క్యాలరీలే, తొమ్మిది నెలలు నిండాక 300. అంటే నూనె చెంచా ఎంత పని చేస్తుందో చూడండి. అందులోకే ఒక పూట మెత్తగా మెదిపిన గుమ్మడికాయ, ఒక పూట చిలగడదుంప, ఒక పూట క్యారెట్. అరటికాయ చక్రాలు ఎండబెట్టి పొడి చేసి అది కూడా కలిపేదాన్ని. రాగిని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి చేసి, పలుచటి గుడ్డలో జల్లించి జావ కాచేదాన్ని. పాలు పోయకుండా, నీళ్ళతోనే.

కొత్త పదార్థం ఏదైనా పొద్దున పూటే, పావు చెంచా, మూడు రోజులు అదొక్కటే. రాత్రి పూట కొత్తది ఏదీ పెట్టొద్దు. ఒక నోట్‌బుక్‌లో టైముతో సహా రాయండి. నా నోట్‌బుక్ మీద పసుపు మరకలు, రాగి మరకలు ఇంకా అలాగే ఉన్నాయి, పారేయబుద్ధి కాలేదు.

మీ పాప పెసరకట్టు తిన్నది అన్నారు కదా. రెండు వారాలు తిని ఏమీ కాకపోతే దాన్ని ఎందుకు ఆపారు అని డాక్టర్ని గట్టిగా అడగండి. కొబ్బరి సంగతి కూడా.


పిల్లల డైటీషియన్, విజయవాడ:

నేను పన్నెండేళ్ళుగా పిల్లల వార్డుల్లో పని చేస్తున్నాను. మీ పోస్టు చదివి ఊరుకోలేకపోయాను.

ముందు ఆ రిపోర్టు సంగతి. రక్తంలో ఒక పదార్థానికి ఐజీఈ (అలర్జీలో శరీరం తయారుచేసే యాంటీబాడీ) కనిపించినంత మాత్రాన అది తింటే రియాక్షన్ వస్తుందని కాదు. ఎగ్జిమా ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఈ పరీక్షలు చాలావాటికి పాజిటివ్ చూపిస్తాయి. అందుకే లక్షణం ఏమీ లేకుండా ఒకేసారి 40 రకాలకు ప్యానెల్ చేయించడం మంచిది కాదు. ఏ పదార్థం మీద అనుమానం ఉందో దానికే చేయించాలి. రిపోర్టులో ఉన్నా తిన్నప్పుడు ఏమీ కాకపోతే, దాన్ని తిననివ్వడమే సాధారణంగా మంచిది. మీ పాప విషయంలో పెసర అలాంటిదే అనిపిస్తోంది. తినేదాన్ని నెలల తరబడి ఆపేస్తే తర్వాత నిజంగానే పడకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. ఆపి ఎన్ని రోజులైందో డాక్టర్‌కు చెప్పి, ఆయన సరే అన్నాకే మళ్ళీ మొదలుపెట్టండి.

పాల విషయం మాత్రం వేరు. పది నిమిషాల్లో పెదవి వాపు, దద్దుర్లు, వాంతులు కలిసి వచ్చాయి. అది నిజమైన పాల అలర్జీ లక్షణమే, తేలిగ్గా తీసుకోవాల్సిన రియాక్షన్ కాదు. లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, అరగకపోవడం వేరు, ఇది వేరు. కాబట్టి ఆవుపాలతో చేసిన లాక్టోజ్ లేని పాలపొడి కూడా పాపకు పనికిరాదు. వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు పాప ఇంకా రుచి చూడలేదు, వాటిని ఇంట్లో పెట్టి పరీక్షించకండి. చర్మాన్ని చిన్నగా గుచ్చి పొక్కు వస్తుందేమో చూసే చర్మపరీక్ష చేసే అలర్జీ డాక్టర్ దగ్గర, అవసరమైతే ఆస్పత్రిలోనే కొంచెం కొంచెంగా పెట్టి చూస్తారు. అలాగని ఏళ్ళ తరబడి వాయిదా వేయకండి. లండన్‌లో 640 మంది పసిపిల్లలతో చేసిన లీప్ పరిశోధన 2015లో వచ్చింది. ఎగ్జిమాయో గుడ్డు అలర్జీయో ఉన్న పిల్లలకు ఏడాది లోపే వేరుశనగ పదార్థాలు మొదలుపెడితే, ఐదేళ్ళ వయసుకి వేరుశనగ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. ముందు చర్మపరీక్ష చేసి, గట్టి పాజిటివ్ వచ్చినవాళ్ళను అందులో చేర్చుకోలేదు. అందుకే ముందు పరీక్ష అంటున్నాను.

నలుగు ఆపేయండి. అత్తయ్యగారి తప్పు అని కాదు. ఎగ్జిమాతో చిట్లిన చర్మం మీద శనగపిండి, నువ్వుల నూనె లాంటి తినే పదార్థాలు రాస్తే శరీరం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకోవచ్చు. నోటి ద్వారా వెళ్ళినవాటిని మాత్రం సాధారణంగా నేస్తాలుగా అలవాటు చేసుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళు, వెంటనే డాక్టర్ రాసిన వాసన లేని మాయిశ్చరైజర్. చర్మం నెమ్మదిస్తే పాప నిద్రపోతుంది, తింటుంది కూడా.

ఇప్పుడు మీ సంగతి. "అది పర్వాలేదు" అని రాశారు. పర్వా ఉంది. మీరు పాలు తాగుతున్న రోజుల్లో మీ పాలు తాగి పాపకు ఏమీ కాలేదు. అలాంటప్పుడు చాలామంది తల్లులు పాలు మానాల్సిన పనే ఉండదు. ఎగ్జిమా ఎక్కువగా ఉంది కాబట్టి డాక్టర్ రెండు నుంచి నాలుగు వారాలు మానిపించి చూడొచ్చు. తేడా లేకపోతే మళ్ళీ మొదలుపెట్టాలి. పదకొండూ మానమని మాత్రం ఎవరూ అనరు. గుడ్డు, మాంసం తినని మనిషికి ఆహారంలో బి12 వచ్చేది పాలు, పెరుగుల నుంచే. అవి మానేసి మాత్ర కూడా వేసుకోకపోతే మీ పాలలో బి12 తగ్గుతుంది, పాపకు రక్తం తగ్గుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. కూర్చునే బిడ్డ కూర్చోవడం మానేయడం, చేతులు వణకడం నేను వార్డులో చూశాను. రేపే మీకు, పాపకు రక్తపరీక్ష చేయించమని అడగండి. కాల్షియం కోసం మీరు రాగి తినండి. జాతీయ పోషకాహార సంస్థ వారి 2017 పట్టికలో 100 గ్రాముల రాగిలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలు మానినన్నాళ్ళు మాత్ర కూడా కావాలి.

పాపకు ఐరన్ చుక్కలు వేస్తున్నారా? ఆరు నెలల తర్వాత తల్లిపాలలో ఉండే ఐరన్ చాలదు. ఎనీమియా ముక్త్ భారత్ పథకం కింద ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటర్ సిరప్ ఇస్తారు, మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. విటమిన్ డి చుక్కలు రోజూ 400 యూనిట్లు. ఇవన్నీ చేసినా బరువు పెరగకపోతే, ప్రోటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన పాలపొడి లేదా అమైనో ఆమ్లాల పాలపొడి డాక్టరే రాస్తారు. ఖరీదు ఎక్కువ, కానీ అవసరమైతే కొన్ని నెలలే. ఆపిల్ వద్దనను, కానీ ఆపిల్ తిని పొట్ట నింపేస్తే పప్పుకు చోటు ఉండదు.


అంగన్‌వాడీ టీచర్, నల్గొండ:

ఒక్క మాట చెప్దామని. సెంటర్‌లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటయ్. పాలు పడని బిడ్డకు అది పెట్టొద్దమ్మా. మా సెంటర్‌లో ఒక బాబు ఉన్నడు, వాళ్ళమ్మ పాలు పడవని చెప్పింది, నేను రిజిస్టర్‌లో ఆ పేరు పక్కన ఎర్ర ఇంకుతోని రాసి పెట్టిన, ఆయమ్మకు కూడా చూపించిన. మీ టీచర్‌కు ముందే చెప్పి రాయించుకోండి. తూకం నెలకు ఒకసారి కాదు, పదిహేను రోజులకు ఒకసారి తీసుకురండి, ఎవరూ కాదనరు.


మెల్‌బోర్న్ నాన్న:

మా సొంతూరు ఏలూరు. మేముండే ఈ ఊళ్ళో అలర్జీ పిల్లలు చాలా ఎక్కువ. ఇక్కడ చేసిన హెల్త్‌నట్స్ సర్వేలో ఏడాది పిల్లల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక ఆహార అలర్జీ తేలింది. అందుకే మా పాపకు మొదటి రియాక్షన్ వచ్చిన రోజే ఒక కాగితం చేతికిచ్చారు. ఏం కనిపిస్తే ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. మీ పోస్టులో నాకు భయం వేసింది అక్కడే. మీకు ఎవరూ అలాంటి కాగితం ఇచ్చినట్టు లేదు.

అడ్రినలిన్ ఇంజక్షన్ గురించి అడగండి. దద్దుర్ల సిరప్ దద్దుర్లకే. ఊపిరి ఆడకపోయినా, పిల్లికూతల శబ్దం వచ్చినా, బిడ్డ పాలిపోయి వేలాడిపోయినా ప్రాణం కాపాడేది అడ్రినలిన్ ఒక్కటే, తొడ బయటి వైపు కండలోకి. ఇక్కడ పెన్ను లాంటి ఇంజక్షన్ ఉంటుంది. మన దగ్గర అది దొరకడం కష్టం కాబట్టి డాక్టర్లు చిన్న ఆంప్యూల్ (మందు ఉండే గాజు బుడ్డి), సిరంజి ఇచ్చి, బరువును బట్టి ఎంత ఎక్కించాలో గీత పెట్టి నేర్పిస్తారు. మీ ఊరి నుంచి ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందో కూడా డాక్టర్‌కు చెప్పండి. ఇంజక్షన్ ఇచ్చాక బిడ్డను ఎత్తుకుని నిలబెట్టకండి, ఒళ్ళో పడుకోబెట్టుకుని 108కి ఫోన్ చేయండి.

ఇంకొకటి, తొమ్మిదో నెల టీకాకు భయపడకండి. గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు కూడా ఆ తట్టు టీకా వేస్తారు.


కోనసీమ అమ్మ (26 రోజుల తర్వాత):

అందరికీ దణ్ణాలు. ఒక్కొక్కరికీ విడిగా రాయలేకపోతున్నాను, పాప ఒళ్ళోనే ఉంది.

విశాఖపట్నం వెళ్ళి అలర్జీ డాక్టర్ని కలిశాం. చర్మపరీక్షలో పాలు గట్టిగా వచ్చాయి, 7 మిల్లీమీటర్ల పొక్కు. వేరుశనగ 5. జీడిపప్పు 3, దాన్ని మళ్ళీ చూద్దామన్నారు. పెసర, కంది, గోధుమ, కొబ్బరి, టమాటా, సోయా, శనగ ఏమీ లేదు. నువ్వులకు అక్కడే వార్డులో కూర్చోబెట్టి నాలుగు గంటల పాటు కొంచెం కొంచెంగా పెట్టారు, ఏమీ కాలేదు. పదకొండులో మిగిలింది రెండు, ఒకటి అనుమానం. నేను ఆ గదిలోనే ఏడ్చేశాను. పాలు కొన్ని నెలల తర్వాత బిస్కెట్‌లాగా కాల్చిన రూపంలో ఆస్పత్రిలోనే మొదలుపెట్టి చూస్తామన్నారు. ఇంట్లో మాత్రం ప్రయత్నించొద్దన్నారు.

నాకు బి12 బాగా తక్కువ వచ్చింది, ఇంజక్షన్లు మొదలయ్యాయి. పాపకు చుక్కలు. నన్ను పాలు తాగమన్నారు. పన్నెండు రోజులుగా పెరుగన్నం తింటున్నాను, పాప చర్మం పాడవలేదు. పెరుగు తిన్న చేతులు సబ్బుతో కడుక్కుని, మూతి తుడుచుకునే పాపను ఎత్తుకుంటున్నాను.

ఆంప్యూల్, సిరంజి ఒక డబ్బాలో ఫ్రిజ్ పక్కన గూట్లో పెట్టాం. ఫ్రిజ్‌లో పెట్టొద్దన్నారు. మా ఆయన, అత్తయ్యగారు, నేను ముగ్గురం నారింజపండు మీద పొడిచి నేర్చుకున్నాం. అత్తయ్యగారికి కళ్ళజోడు లేకపోతే గీత కనిపించదు, అందుకని ఆ డబ్బాలోనే ఒక పాత కళ్ళజోడు కూడా పెట్టారు. నలుగు గిన్నె ఆవిడే తీసి అటక మీద పెట్టేశారు, నేను అడగలేదు.

పొద్దున బియ్యం, పెసర ఉగ్గు గట్టిగా, చెంచా బోర్లించి మరీ చూస్తున్నాను. పదకొండు గంటలకు రాగి జావ. మధ్యాహ్నం మెత్తటి అన్నం, కందిపప్పు, గుమ్మడికాయ, మా పెరట్లో చెట్టు కొబ్బరి నూనె ఒక చెంచా. సాయంత్రం చక్కెరకేళి. ఈ రోజు తూకం 6 కిలోల 780.

హైదరాబాద్ అక్కా, ఒక సందేహం. రాగి మొలకలు ఆరబెట్టేటప్పుడు మాకు ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, రెండో రోజుకే వాసన వస్తున్నాయి. మీరు ఎండలో పెట్టారా, ఫ్యాన్ కిందా?


ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాద్:

ఫ్యాన్ కిందే చెల్లీ, పలుచగా పాత నూలు చీర మీద పరిచి. మొలక కొస బియ్యపుగింజంత రాగానే ఆపేయాలి, ఎక్కువ పెంచితే ముక్కిపోతాయి. వాసన వచ్చినవి పాపకు వద్దు, పారబోయండి. ఒకేసారి పావు కిలో మించి నానబెట్టకండి. ఆరాక మూకుడులో ఒక్కసారి దోరగా వేయిస్తే ఆ మిగిలిన తడి కూడా పోతుంది. 780 అన్న అంకె మా ఆయనకు కూడా చదివి వినిపించాను.